పదకొండు డాలర్ల అక్షరం

1998 ఆగస్టు 24న ఇంటెల్ ఒకే రోజు రెండు రకాల ప్రాసెసర్లు బయటపెట్టింది. ఒకటి పెంటియం టూ 450, టోకు ధర 669 డాలర్లు. రెండోది సెలెరాన్ 300ఏ, 149 డాలర్లు. మొదటిది పని తెలిసినవాళ్ల కోసం. రెండోది, ఇంట్లో ఏదో ఒక కంప్యూటర్ ఉంటే చాలనుకునేవాళ్ల కోసం. 450 అంటే 450 మెగాహెర్ట్జ్, 300 అంటే 300. ఎవరి తాహతుకు తగ్గది వాళ్లు కొనుక్కుంటారని కంపెనీ లెక్క. ఆ లెక్క ఎక్కువ రోజులు నిలవలేదు. మదర్‌బోర్డు మీద బస్ (చిప్‌కూ మిగతా భాగాలకూ మధ్య ఉండే దారి) వేగాన్ని 66 నుంచి 100కి మారిస్తే 149 డాలర్ల చిప్ కూడా 450 దగ్గర నిక్షేపంగా నడుస్తుందని కుర్రాళ్లు కనిపెట్టేశారు. అన్ని చిప్‌లూ కాదు గానీ, చాలావరకు నడిచాయి.

ఇందులో మంత్రం ఏమీ లేదు, ఎక్కమే. బస్ వేగాన్ని ఒక మల్టిప్లయర్‌తో హెచ్చవేస్తే వచ్చేదే ప్రాసెసర్ వేగం. 300ఏకి ఆ మల్టిప్లయర్ నాలుగున్నర. దాన్ని ఎవరూ ముట్టుకోకుండా కంపెనీ లాక్ చేసింది. బస్‌ని మాత్రం వదిలేసింది. నాలుగున్నర అరవయ్యారులు దాదాపు మూడు వందలు. నాలుగున్నర వందలు నాలుగు వందల యాభై. పైగా వందకు ఇంకో సుగుణం ఉంది. బస్‌ని 75కో 83కో పెంచితే దాన్నే నమ్ముకున్న పీసీఐ లైను కూడా 33 దాటి 37, 41 దాకా పోయి హార్డ్ డిస్కులు మొండికేసేవి. వంద దగ్గర బోర్డు మూడో వంతు లెక్కకు మారిపోతుంది కాబట్టి పీసీఐ మళ్లీ 33కే వచ్చి కుదురుగా కూర్చునేది. అంటే కొంచెం పెంచితే ప్రమాదం, బాగా పెంచితే క్షేమం. ఇలాంటి తిరకాసు ఉన్నచోటే కుర్రాళ్లకు హుషారు పుడుతుంది.

ఏబిట్ బీహెచ్6 లాంటి బోర్డు ఉన్నవాళ్లు బయోస్‌లోకి వెళ్లి అంకె మార్చుకునేవారు. అది లేనివాళ్ల దారి వేరు. ఆ రోజుల్లో ప్రాసెసర్ సన్నటి కార్డు రూపంలో ఉండి స్లాట్‌లో దిగేది. దాని అంచున బారుగా ఉండే బంగారు రంగు గీతల్లో బీ21 అనే ఒక్క గీతే 'నేను 66 చిప్‌ని' అని బోర్డుకు చెప్పేది. దాని నోరు మూస్తే చాలు, బోర్డు దాన్ని 100 చిప్ అనుకునేది. సన్నగా కత్తిరించిన టేపు ముక్క అంటించేవారు, లేదంటే ఒక చుక్క నెయిల్ పాలిష్ వేసేవారు. పక్క గీతకు అంటకుండా ఆ చుక్క పెట్టడానికి చెయ్యి వణక్కూడదు. 500 డాలర్ల తేడాను అక్క నెయిల్ పాలిష్ సీసాలోంచి తీసిన తరం అది.

అయితే మూడు వందలని ముద్ర వేసి అమ్మిన చిప్‌లో నాలుగు వందల యాభై ఎక్కణ్నుంచి వచ్చింది? కంపెనీ ఏమైనా పొరబడిందా? లేదు. ఒకే రకం ప్రాసెసర్లన్నీ గుండ్రటి సిలికాన్ పలక మీద ఒకే అచ్చులో పడతాయి. కోసి విడదీశాక ఒక్కోదాన్ని పరీక్షించి, ఏది ఎంత వేగానికి, ఎంత వోల్టేజికి నిలబడుతుందో చూసి ముద్ర వేస్తారు. మామిడికాయల మండీలో గ్రేడింగ్ లాంటిదే ఇది. కాపు బాగా వచ్చిన ఏడు దాదాపు అన్నీ మొదటి రకం కాయలే ఉంటాయి. కానీ కొనేవాళ్లంతా రెండో రకం గంపనే అడుగుతుంటే వ్యాపారి ఏం చేస్తాడు? మొదటి రకం కాయలే తెచ్చి రెండో రకం గంపలో పోస్తాడు. ధర తగ్గించి మొదటి గంపను పాడుచేసుకోడు. ప్రాసెసర్ల తయారీ బాగా కుదిరినప్పుడల్లా జరిగింది ఇదే. ముద్ర మీది అంకె చిప్ శక్తిని కాక, మార్కెట్‌లో ఏ ధరకు ఎంతమంది ఉన్నారన్న సంగతిని చెప్పేది. శక్తి దాని కింద, ముద్రకు సంబంధం లేకుండా, దాని పాటికి అది ఉండేది.

దగ్గర దగ్గరగా ఉండే రెండు ప్రాసెసర్లను ముందు పెట్టుకుని ఏది కొనాలా అని ఆలోచించేవాడు నిజానికి వెతికేది ఈ గ్రేడింగ్‌లోని సందునే. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీకి, అదే చినోయ్ ట్రేడ్ సెంటర్‌కి, అసెంబుల్డ్ సిస్టమ్ కోసం వెళ్లినవాళ్లకు ఈ సరదా తెలిసే ఉంటుంది. ఒక షాపులో కొటేషన్ రాయించుకోవడం, ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని పై అంతస్తులో ఇంకో షాపుకు వెళ్లడం, 'వాళ్లు ఇంతకే ఇస్తామన్నారు భయ్యా' అనడం. మామూలు కస్టమర్ ధర దగ్గర ఆగిపోయేవాడు. ఈ పిచ్చి పట్టినవాడు మాత్రం డబ్బా అడిగి తీసుకుని, మీద అచ్చేసిన కోడ్ చదివేవాడు. ఏ స్టెప్పింగ్, ఏ వారం తయారీ, మలేషియాలో ప్యాక్ చేసిందా కోస్టారికాలోనా. షాపువాడికి విసుగొచ్చేది. 'అన్నీ ఒకటే సార్, వారంటీ కూడా ఒకటే' అనేవాడు. వారంటీ వరకు అతను చెప్పింది నిజమే.

ఈ ఎంపికలో అసలు రుచి 2006లో తెలిసింది. ఆ జూలైలో కోర్ టూ డ్యుయో వచ్చింది. మెట్టు మెట్టుగా ధరలు పెట్టారు: ఈ6300కి 183 డాలర్లు, ఈ6400కి 224, ఈ6600కి 316, అలా అన్నిటికన్నా పై మెట్టుకు 999. అడుగున ఉన్న రెండూ కవలలే. రెండింటికీ రెండేసి కోర్లు, రెండు మెగాబైట్ల క్యాష్. తేడా అంతా మల్టిప్లయర్‌లోనే. ఈ6300కి ఏడు, ఈ6400కి ఎనిమిది. బస్ 266. అంటే ఒకటి 1.86 గిగాహెర్ట్జ్, ఇంకోటి 2.13. ముద్ర మీది వేగాన్ని మించి నడపడం, అంటే ఓవర్‌క్లాకింగ్ (ఓసీ), చేసే ఉద్దేశం లేనివాడికి ఇందులో తలబద్దలు కొట్టుకోవలసింది లేదు. 41 డాలర్లకు ఆ కాస్త వేగం కావాలో వద్దో తేల్చుకుంటే సరి.

ఓసీ చేసేవాడికి మాత్రం ఇక్కడ లెక్క తలకిందులవుతుంది. రెండింటినీ 3.2 గిగాహెర్ట్జ్‌కి తీసుకెళ్లాలి అనుకుందాం. చిప్ వరకు రెండూ వెళ్లగలిగినవే. ఎనిమిది మల్టిప్లయర్ ఉన్నదానికి బస్ 400 పెడితే చాలు. ఏడు ఉన్నదానికి 457 కావాలి. ఈ 57 తేడా దగ్గర అసలు ఖర్చు మొదలవుతుంది. 400 అంటే డీడీఆర్2-800 ర్యామ్‌కు సరిగ్గా సొంత వేగం. మామూలు ర్యామ్ ఎదురు చెప్పదు. 457కి ర్యామ్ కూడా 914 దగ్గర నడవాలి, దానికి ఖరీదైన రకం కొనాలి. బోర్డు 450 దాటి నిలబడాలి, చౌక బోర్డు నిలబడదు. చిప్ దగ్గర మిగిల్చిన 41 డాలర్లు బోర్డుకూ ర్యామ్‌కూ పోతాయి. పైన ఇంకొంచెం పడుతుంది కూడా. తరువాత ఆరు నెలలకు, 2007 జనవరిలో, వరసలో అడుగున ఈ4300ని తెచ్చి పెట్టారు. ధర 163 డాలర్లు, వేగం 1.8. చూడ్డానికి అన్నిటికన్నా తక్కువది. కానీ దాని బస్ 200, మల్టిప్లయర్ తొమ్మిది. 3.2కి దానికి కావలసింది 356 మాత్రమే. ఏ మామూలు బోర్డయినా ఇచ్చేస్తుంది. అన్నిటికంటే తక్కువ ధర చిప్, అన్నిటికంటే తక్కువ తిప్పలు.

ఈ మూడింటి కథ నాకు ఇప్పటికీ ఇష్టం. 'ఇందులో సత్తా ఉంది' అంటాం గానీ, ఆ సత్తా చిప్ ఒక్కదానిలోనే దాగి ఉండదు. అది బోర్డు మీద, ర్యామ్ మీద, ఎస్‌ఎంపీఎస్ ఇచ్చే కరెంటు మీద, ఆ గది వేడి మీద పంచుకుని ఉంటుంది. కొటేషన్ కాగితంలో ప్రాసెసర్ వరస ఒకటి చూసి తీర్పు చెప్పేవాడికి ఈ సంగతి పట్టదు.

గది వేడి అన్నాను కదా, దాని గురించి కొంచెం చెప్పాలి. ప్రాసెసర్ తినే కరెంటు వేగంతో పాటు పెరుగుతుంది. వోల్టేజితో అయితే వర్గం లెక్కన పెరుగుతుంది. 1.2 వోల్టులను 1.4 చేస్తే, వేగం పెంచకపోయినా ఖర్చు 36 శాతం ఎక్కువ. దానికి తోడు వేగం ఇరవై శాతం పెంచితే మొత్తం మీద అరవై శాతం పైమాటే. అదంతా వేడిగానే బయటికి రావాలి. ఎంత ఖరీదైన ఎయిర్ కూలర్ అయినా చిప్‌ను గది కన్నా చల్లగా ఉంచలేదు. విదేశాల సమీక్షకులు 22 డిగ్రీల గదిలో కూర్చుని '65 డిగ్రీలు దాటలేదు' అని రాస్తారు. అదే పెట్టెను మే నెలలో, ఏసీ లేని కూకట్‌పల్లి మూడో అంతస్తు గదిలో, పైన కాంక్రీటు కప్పు కాలుతుండగా పెట్టి చూడండి. వాళ్ల అంకెకు ఓ పద్దెనిమిది కలుపుకోవాలి. డిసెంబరులో నెలంతా బంగారంలా నడిచిన ఓసీ ఏప్రిల్ నెలాఖరుకు బ్లూ స్క్రీన్ ఇవ్వడం మన దగ్గర చాలామంది చూసిన సంగతే. కనుక మన ఊళ్లలో సత్తా అంచనా వేసేటప్పుడు క్యాలెండర్ కూడా చూడాలి.

నడవడం అంటే ఏమిటన్నది ఇంకో ప్రశ్న. విండోస్ తెర వచ్చింది కాబట్టి నడిచినట్టేనా? ఓసీ చేసేవాళ్లు రాత్రంతా ప్రైమ్95 పెట్టి పడుకుంటారు. అది ఒక రకం ప్రధాన సంఖ్యలను వెతికే ప్రోగ్రామ్. చిప్‌ను ఊపిరి తిప్పుకోనివ్వదు. ఒక్క లెక్క తప్పినా తెల్లారేసరికి ఎర్రర్ రాసి పెట్టి ఉంటుంది. అంతకు కిందిస్థాయి తప్పుల గురించే నా భయం. ఆట ఆడితే ఆడుతుంది, పాట వింటే వినిపిస్తుంది, కానీ ఎక్కడో ఒక జిప్ ఫైల్ పాడవుతుంది. అందుకే డీటీపీ సెంటర్ నడిపేవాళ్లు ఎవరైనా 'మనదీ కొంచెం స్పీడ్ పెంచవా' అని అడిగితే నేను ఒప్పుకోను. పెళ్లిళ్ల సీజన్‌లో, పేజ్‌మేకర్ తెరిచి అను ఫాంట్లలో శుభలేఖ కంపోజ్ చేస్తుండగా సిస్టమ్ హ్యాంగ్ అయితే, ముహూర్తం ఆగదు. పది శాతం వేగం ఆయనకు అక్కర్లేదు. ఎదురుగా ఇద్దరు కూర్చుని ఉండగా సేవ్ చేసిన ఫైల్ తెరుచుకోవడమే ఆయనకు కావలసింది.

తయారీదారులు ఇదంతా చూస్తూ ఊరుకుంటారా? 2011 జనవరిలో ఇంటెల్ శాండీ బ్రిడ్జ్ తెచ్చింది. అందులో బస్ గడియారాన్నే మిగతా అన్నిటికీ ముడిపెట్టేశారు. వంద నుంచి కాస్త జరిపితే చాలు, సాటా, యూఎస్‌బీ అన్నీ అల్లకల్లోలం. పాత దొడ్డిదారి అలా మూసుకుపోయింది. దాని బదులు ముందు వాకిలి తెరిచి టికెట్ పెట్టారు. ఐ5-2500 ధర 205 డాలర్లు. ఐ5-2500కె ధర 216. రెండూ 3.3 గిగాహెర్ట్జే. కె ఉన్నదానికి మల్టిప్లయర్ లాక్ ఉండదు. మామూలు కూలర్‌తోనే 4.5 దాకా వెళ్లినవి బోలెడు. పదకొండు డాలర్లకు ఒక అక్షరం. అనుమతికి అది చవక ధరే. ఇందులోనూ మెలిక ఉంది: పీ67, జెడ్68 రకం బోర్డు లేకపోతే ఆ కె దండగే, హెచ్61 మీద పెడితే అది మౌనంగా 2500 లాగే ఉంటుంది. పైగా కె చిప్‌లో వీటీ-డీ అనే సదుపాయం తీసేశారు. వర్చువల్ మెషీన్లతో పనిచేసేవాళ్లకు అది కావాలి. ఎక్కువ డబ్బు పెట్టినవాడికి ఒక సరుకు తక్కువ!

సెలెరాన్ నాటి లాభం నిర్లక్ష్యంలోంచి వచ్చింది, ఇది ధరల పట్టికలోంచి వచ్చింది. మొదటిదాంట్లో కొన్నవాడు కంపెనీని మించానని సంబరపడేవాడు. రెండోదాంట్లో ఆ సంబరానికే బిల్లు వేశారు. అంతకు ముందు ఏడాది, 2010లో, ఇదే కంపెనీ ఇంకో ప్రయోగం కూడా చేసింది. పెంటియం జీ6951 అనే చిప్ కొన్నాక, 50 డాలర్లు పెట్టి ఒక కార్డు కొని, దాని మీద నంబర్ కొడితే, చిప్‌లోనే ఉండి మూతపడ్డ క్యాష్, హైపర్‌థ్రెడింగ్ తెరుచుకునేవి. మన డబ్బుతో కొన్న వస్తువులో సగానికి తాళం వేసి, తాళం చెవిని విడిగా అమ్మడం. జనానికి కోపం వచ్చింది, ఆ పథకం ఎక్కువ కాలం సాగలేదు. కె అక్షరం కూడా ఆ తాళం చెవే కదా అని అడిగితే నా దగ్గర గట్టి జవాబు లేదు. కానీ పదకొండు డాలర్ల దగ్గర ఎవరికీ కోపం రాలేదు. నాకూ రాలేదు.

2017 మార్చిలో ఏఎండీ రైజెన్ తెచ్చినప్పుడు మళ్లీ పాత రోజులు వచ్చినట్టనిపించింది. రైజెన్ 7లో మూడు: 1700 ధర 329 డాలర్లు, 1700ఎక్స్ 399, 1800ఎక్స్ 499. మూడింటిలోనూ అదే ఎనిమిది కోర్ల సిలికాన్, మూడింటికీ లాక్ లేదు. చేత్తో పెంచితే మూడూ దాదాపు ఒకే గోడకు తగిలి ఆగాయి: నాలుగు గిగాహెర్ట్జ్, దానికి అటూ ఇటూ. పైగా 329 డాలర్ల డబ్బాలో కూలర్ ఉంది, 499 డాలర్ల డబ్బాలో లేదు. ఎక్స్ కొన్నవాళ్లను నేను తప్పుపట్టను. పెట్టె తెరిచి, పెట్టేసి, పని చూసుకునేవాడికి ఆ 170 డాలర్లు నిశ్చింత ఖరీదు. కానీ సాయంత్రం పూట బయోస్‌లోకి దిగి కూర్చునే ఓపిక ఉన్నవాడు ఎక్స్ కొంటే మాత్రం, అది తన ఓపికను తనే అవమానించుకోవడం.

గ్రేడింగ్‌లోని ఆ సందు ఇప్పుడు దాదాపు పూడిపోయింది. పూడ్చింది కంపెనీల పిసినారితనం కాదు, చిప్‌ల తెలివి. ఇప్పటి ప్రాసెసర్ తన వేడిని, తన కరెంటును సెకనుకు ఎన్నోసార్లు తనే కొలుచుకుంటూ, ఎంత వీలైతే అంత పైకి తనే వెళుతుంది. మనం చేసే ఓసీ ఏదో అదే చేసుకుంటుంది, మనకన్నా నేర్పుగా. మంచి చిప్‌లను ఏరి, పరీక్షించి, ఎక్కువ ధరకు అమ్మే సిలికాన్ లాటరీ అనే చిన్న కంపెనీ ఒకటి అమెరికాలో ఉండేది. ఏరడానికి తేడాలే మిగలక 2021లో మూసేశారు. మరీ అంచుకు తోస్తే ఏమవుతుందో 2024లో తెలిసింది. ఇంటెల్ 13, 14వ తరం పెద్ద చిప్‌లు ఉన్నట్టుండి క్రాష్ అవుతున్నాయని బయటపడింది. అవసరానికి మించిన వోల్టేజి అడుగుతున్నాయని తేల్చి, ఆగస్టులో మైక్రోకోడ్ మార్చి, వారంటీని ఇంకో రెండేళ్లు పొడిగించారు. కొన్నవాళ్లలో చాలామంది ఏ అంకెనూ ముట్టుకోనివాళ్లే.

మొన్న మేనల్లుడు ఫోన్ చేశాడు. బీటెక్ మూడో ఏడు, కొత్త సిస్టమ్ కట్టుకుంటున్నాడు. 'మామయ్యా, రైజెన్ 7600 తీసుకోనా, 7600ఎక్స్ తీసుకోనా? ఎక్స్ అయితే ఇంకొంచెం నొక్కొచ్చు కదా!' అన్నాడు. విడుదలైనప్పుడు వాటి ధరలు 229, 299 డాలర్లు. 7600 అయితే 65 వాట్లు, ఎక్స్ అయితే 105. మళ్లీ అదే కథ: ఎక్స్ డబ్బాలో కూలర్ లేదు. 'దాన్ని కంపెనీవాళ్లే నొక్కేశార్రా. 95 డిగ్రీల దాకా పోవడం దానికి మామూలే, నువ్వు నొక్కడానికి ఏం మిగల్లేదు. ఆ డబ్బుతో ర్యామ్ ముప్పై రెండు చేయించుకో' అన్నాను. కొంచెం నిరాశపడ్డాడు. నొక్కడానికి ఏదో ఒకటి ఉండాలి కదా, ఆ వయసులో!

ఉంది, కాకపోతే కిందికి. కర్వ్ ఆప్టిమైజర్ అని బయోస్‌లో ఒక అంకె ఉంటుంది, దాన్ని మైనస్‌లో పెడితే అదే వేగానికి చిప్ తక్కువ వోల్టేజితో సరిపెట్టుకుంటుంది. గ్రేడింగ్‌లో కంపెనీ వదిలిన పలచటి మిగులు ఇప్పుడు అక్కడ ఉంది, వేగంలో కాదు. బోర్డు ఏ620 కాకుండా బీ650 తీసుకోమని చెప్పాను, ఇలాంటివాటికి దానిలో వీలెక్కువ. వాడు 7600 తెచ్చుకుని వారం తిరక్కముందే స్క్రీన్‌షాట్ పంపాడు. మైనస్ ఇరవై. స్కోరు తగ్గలేదు, పైగా కొద్దిగా పెరిగింది. వేడి మాత్రం కనబడేంతగా దిగింది. దాని కింద మెసేజ్: 'మైనస్ ముప్పై పెట్టేయనా మామయ్యా?'

'ఈ ఇరవై మీద ఒక రాత్రంతా ప్రైమ్ నడవనీ. ఫ్యాన్ కింద కాదు, తలుపులు మూసిన గదిలో. ఆ తర్వాత మాట్లాడదాం' అని జవాబిచ్చాను.